మా ఆదివారం బండి

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మొన్నమొన్నటి దాకా ఒక బండి ఉండేది. రెండు ఆటో చక్రాలు, జీపు కమాన్లు, నుమాయిష్ స్టాలు చెక్కలు, ఒక పాత నీళ్ల పైపు... అన్నీ కలిపితే అయిన బండి. ఆ షెడ్డు తీసేసి ఓ గది వేసుకుందామని మా ఆవిడ రెండేళ్లుగా పోరుతోంది. 'పాత ఇనుము వాళ్లకి ఇచ్చెయ్ నాన్నా, కిలోల లెక్కన తీసుకుంటారు' అన్నాడు మా అబ్బాయి. సరే చూద్దామని ఓ రోజు దాని మీద దుమ్ము దులుపుతుంటే ముందు కొక్కేనికి వేలాడుతున్న గొలుసు చేతికి తగిలింది. పాత ఇనుము వాణ్ని పిలవాలన్న ఆలోచన ఆ పూటకి మానుకున్నాను.

ఇది 1996 నాటి సంగతి. మా బాపు ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చే పని. కంప్యూటర్లొచ్చాక ఆ పనీ పోయింది, ఆ ప్రెస్సూ మూతపడింది. యాభై దాటిన మనిషికి కొత్త ఉద్యోగం ఎవరిస్తారు? తెలిసిందల్లా పుస్తకాలే కాబట్టి పాత పుస్తకాలు కొని ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మడం మొదలుపెట్టాడు.

ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం పేరే ఆ సెంటరుకి నిలిచిపోయిందంటారు. ఇప్పటికీ అక్కడ వారమంతా దుకాణాలదే రాజ్యం. ఆదివారం షట్టర్లు దిగాక వాటి మెట్ల ముందు చోటు పుస్తకాలది. మేముండేది నాంపల్లి స్టేషన్ దగ్గర గల్లీలో, రెండు గదుల పోర్షన్‌లో. ఆబిడ్స్ ఎంతో దూరం కాదు. కానీ ఆరు గోనెసంచుల పుస్తకాలు మోయాలంటే అదే చాలా దూరం. పుస్తకం చేతిలో ఉంటే తేలికే, సంచిలో పడితే రాయి.

ఏళ్ల తరబడి ఆ సంచులు మోసింది ఒక సైకిల్ రిక్షా తాత. మోకాళ్లు అరిగిపోయి ఆయన ఊరెళ్లిపోయాడు. ఆటోవాళ్లని అడిగితే సీట్లు చినుగుతాయని కొందరు, డబల్ ఇమ్మని కొందరు. డబల్ ఇస్తే మాకు మిగిలేది సంచులే. ఓ రాత్రి అన్నం తింటూ బాపు అన్నాడు: "మనమే ఒక బండి చేస్తే అయిపాయె. మన స్కూటర్ ఎన్క కడదాం."

నేనప్పుడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో ఏడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాపు తెచ్చిన పుస్తకాల్లోనే అట్ట ఊడిపోయిన ఓ అమెరికా మెకానిక్ పత్రిక దొరికింది. పాత కారు ఇరుసుతో ఇంటి దగ్గరే ట్రైలర్ చేసుకోవడం ఎలాగో అందులో బొమ్మలేసి మరీ చెప్పారు. వాళ్లకి పాత కార్లు దొరికాయి, మనకి ఆటోలు దొరకవా!

గురువారం జుమ్మేరాత్ బజారుకి వెళ్లాం. ఉర్దూలో జుమ్మేరాత్ అంటేనే గురువారం. అక్కడ దొరకని సామాను లేదు, దొరికినదానికి జత మాత్రం దొరకదు. మొదటి గురువారం ఒక ఆటో చక్రం దొరికింది. రెండోది దొరకడానికి ఇంకో మూడు గురువారాలు పట్టింది. బాపు చక్రాన్ని గాల్లోకి ఎత్తి ఓసారి తిప్పి చెవి దగ్గర పెట్టుకునేవాడు. లోపల గరగరమంటే పక్కన పెట్టేసేవాడు. "అన్నీ పాతయి కొనొచ్చు, బేరింగులు మాత్రం కొత్తయే ఉండాలె" అని వాటి కోసం ప్రత్యేకంగా రాణిగంజ్ దాకా తీసుకెళ్లాడు. ఇరుసుకి లావుపాటి ఇనుప కడ్డీ కొని, లేత్ మిషన్ మీద రెండు కొసలూ బేరింగులకు సరిపోయేలా సన్నం చేయించాం.

చెక్కలు నుమాయిష్‌లో దొరికాయి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుంచి ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతున్న ఆ సంత జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. ఆ నలభై ఆరు రోజులూ నాంపల్లిలో ఉండేవాళ్లకి నిద్ర ఉండదు, ఇంటి నిండా చుట్టాలు! ఎత్తేసేటప్పుడు మాత్రం మాలాంటివాళ్లకి పండగ. స్టాళ్లు విప్పేవాళ్లు వంకరపోయిన యాంగిళ్లు, మేకులు దిగిన పలకలు ఎంతకో ఒకంతకి ఇచ్చేస్తారు. కమాను పట్టీలు ఓ పాత జీపువి.

వెల్డింగ్ మా గల్లీ చివర చాచా దగ్గర. ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చట్రం. నేను మూలమట్టంతో కుస్తీ పడుతుంటే ఆయన నవ్వి, జేబులోంచి దారం తీసి ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్లీ అటు నుంచి ఇటు కొలిచాడు. రెండు కొలతలూ ఒకటైతే చట్రం మూలలు సరిగ్గా ఉన్నట్టు, తేడా వస్తే ఎక్కడో వంకర ఉన్నట్టు. "కాలేజ్ మే నై సిఖాయే క్యా?" అన్నాడు. నేర్పారు, సూత్రంగా. దారంగా నేర్పలేదు.

అసలు గొడవ ఇరుసు దగ్గర వచ్చింది. నేను సరిగ్గా నడిమధ్యన గీశాను. బాపు ఒప్పుకోలేదు. ఆయన చిన్నప్పుడు కరీంనగర్ దగ్గర మా ఊళ్లో ఎడ్లబండి తోలిన మనిషి. "ఎద్దు మెడ మీద ఇంత బరువుండాలె. ఎన్క బరువైతే కాడి పైకి లేస్తది, ఎద్దుకి ఉరి పడ్తది. ముందు మరీ ఎక్కువైతే మెడ పుండైతది" అన్నాడు. స్కూటరుకి మెడ ఎక్కడుంది బాపూ అని నవ్వాను. తీరా పత్రిక తిరగేస్తే అందులోనూ అదే ఉంది: మొత్తం బరువులో పదో వంతైనా ముందు కొక్కెం మీద పడాలి, లేకపోతే ట్రైలర్ తోకలా ఊగుతుంది. ఇరుసుని అర అడుగు వెనక్కి జరిపాం. ఎడ్లబండి తోలినవాడూ, అమెరికా ఇంజినీరూ ఒకే మాట చెప్పాక నేనేం మాట్లాడను!

కమాన్లు ఇంకోలా ఏడిపించాయి. ఏడేసి పట్టీల కట్టలు. జీపుని మోయాల్సిన కమాన్లు మా పుస్తకాల బరువుకి కొంచెమైనా వంగలేదు. మొదటి ట్రయల్లో గతుకు వచ్చినప్పుడల్లా సంచులు ఎగిరిపడ్డాయి. విప్పి మూడేసి పట్టీలు ఉంచాక దారికొచ్చింది. రంగుతో సహా మొత్తం ఖర్చు 1,340 రూపాయలు. అమ్మ పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కించింది.

ఇక కొక్కెం. చేతక్ వెనక ఓ పట్టీ బిగించి, ట్రైలర్ పైపు చివరని దానికి బోల్టుతో కలిపాను. పత్రికలో రెండు సంగతులు అదనంగా ఉన్నాయి. బోల్టు చివర చిల్లు చేసి స్ప్లిట్ పిన్ను పెట్టాలి, నట్టు వదులైనా ఊడిపోకుండా. బోల్టే పోయినా బండి విడిపోకుండా పక్కన ఒక గొలుసు కట్టాలి. నేను రెండూ వదిలేశాను. స్టేషన్ రోడ్డు మీద కాస్త దూరానికి, అదీ సైకిలంత స్పీడులో, గొలుసెందుకనుకున్నాను. బాపు అడిగాడు కూడా. "నేను చూసుకుంటగా" అన్నాను.

ఆరు ఆదివారాలు బాగానే నడిచింది. ఏడో ఆదివారం పొద్దున్నే ఒక గుంత దాటగానే స్కూటర్ ఉన్నట్టుండి తేలికైపోయింది. ఆ తేలికదనం నాకు ఇప్పటికీ గుర్తే. తిరిగి చూస్తే బండి మమ్మల్ని వదిలేసి ఫుట్‌పాత్ వైపు పోతోంది. అక్కడ ఇడ్లీలమ్మే ఒకావిడ, పక్కన నేల మీద నాలుగేళ్ల పిల్ల. ముందు బరువు ఉండబట్టి పైపు రోడ్డుకి తగిలి, నిప్పురవ్వలు లేపుతూ రోడ్డుని గీసుకుంటూ పోయింది. ఆ రాపిడికే జోరు తగ్గి, చక్రం ఫుట్‌పాత్ అంచుకి కొట్టుకుని ఆగింది. పిల్లకి జానెడు దూరం. ఇరుసు నేను గీసినచోటే ఉండుంటే ముందు అంత బరువు పడేది కాదు, పైపు అంత గట్టిగా నేలని పట్టేది కాదు.

బాపు ముందు పిల్లనెత్తి వాళ్లమ్మకిచ్చాడు. ఆవిడ తిట్టిన తిట్లన్నీ చేతులు జోడించి విన్నాడు. తరవాత వెనక్కి నడిచి రోడ్డు మీద పడిన బోల్టు వెతికి తెచ్చాడు. మర వైపు ఓసారి బొటనవేలితో తడిమి, "నట్టేది రా?" అని మాత్రం అడిగాడు. అంతే. ఆ రోజూ, ఆ తరవాత ఎప్పుడూ ఇంకో మాట అనలేదు. నాలుగు తగిలించినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

అటుగా వచ్చిన ట్రాఫిక్ కానిస్టేబుల్ జరిమానా రాయలేదు గానీ పాఠం చెప్పాడు. మోటారు వాహనం లాగేది ఏదైనా ట్రైలరే, దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇలా సొంతంగా చేసింది కడితే కుదరదు అని. తరవాత నేను 1988 మోటారు వాహనాల చట్టం తిరగేశాను, అలాగే ఉంది. చక్రాలూ, చెక్కలూ అవే. స్కూటర్ లాగితే ట్రైలర్, మనిషి లాగితే తోపుడు బండి! తరవాతి వారం చాచా ఆ పైపుకి అడ్డంగా ఓ పట్టుకొయ్య వేశాడు. గొలుసు మాత్రం నేనే కొనుక్కొచ్చి బిగించాను. అప్పటికి దాంతో పనేమీ లేదు. అయినా బిగించాను.

అప్పట్నుంచి చేత్తోనే లాగేవాళ్లం. నేను ముందు, బాపు వెనక. పద్దెనిమిదేళ్ల వయసులో ఆబిడ్స్ నడిబొడ్డున బండి లాగడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఓసారి జీపీవో దగ్గర మా క్లాసువాళ్లు ముగ్గురు ఎదురయ్యారు. నేను తల తిప్పేసుకున్నాను, వాళ్లు చూశారో లేదో తెలియదు. ఆ తరవాతి ఆదివారం గల్లీలోనే బాపు పట్టుకొయ్య తన చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వు ఎన్కనుంచి నెట్టు. గతుకులు నాకు మంచిగ తెలుస్తయ్" అన్నాడు. వెనక నుంచి నెట్టేవాడు తల వంచే ఉండాలి, ముఖం ఎవరికీ కనపడదు. గతుకుల కోసమే అలా అన్నాడా, నా కోసమా? అడగలేదు. ఉద్యోగం వచ్చేదాకా మూడేళ్లు అలాగే నెట్టాను.

బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ గారి కార్ల మ్యూజియం 2010లో తెరిచారు. పాత సామానుతో చేసిన బూటు కారు, క్రికెట్ బంతి కారు, బర్గర్ కారు చూసి మా పిల్లలు గంతులేశారు. మన షెడ్డులోనూ ఒకటుంది రా అంటే నమ్మలేదు. అప్పటికి బాపు ఆబిడ్స్ వెళ్లడం మానేసి ఏడాది. 2011లో ఆయన పోయాడు. మేం వనస్థలిపురం మారినా బండి మాతోనే వచ్చింది.

ఇన్నాళ్లకి, ఫుట్‌పాత్ మీద బాపు పక్కనే కూర్చునే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, పెద్దనాయిన బండి ఉన్నదా? ఆటో కిరాయిలు భరిస్తలేను." మరుసటి రోజే ట్రాలీ ఆటో తెచ్చాడు. ఆటో చక్రాల బండి ఆటో ఎక్కింది. బైకుకి కట్టుకోవచ్చా అని అడిగాడు. వద్దని చెప్పి, ఇడ్లీ అమ్మే ఆవిడ సంగతంతా చెప్పాను. బరువు ముందుకి కాస్త ఎక్కువ పెట్టమని, నెలకోసారి బేరింగులకి గ్రీజు పెట్టమని కూడా చెప్పాను.

రెండు వారాలాగి ఆదివారం ఆబిడ్స్ వెళ్లాను. ఓ మూసిన షట్టరు ముందు ఉంది బండి. చుట్టూ మూగిన పిల్లలు పోటీ పరీక్షల గైడ్లు తిరగేస్తున్నారు. ఎవరూ ఎత్తుకుపోకుండా దాన్ని ఆ గొలుసుతోనే కరెంటు స్తంభానికి కట్టి తాళం వేశాడు.