ఎండ పండే నేల

పిల్లలూ! కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు వస్తుంది. అక్కడి రాతిగుట్టలు చూచి కొంచెం ముందుకు పోదాం. ఆ ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గర ఒక వింత పొలం ఉన్నది. విస్తీర్ణం సుమారు 6,000 ఎకరాలు. అందులో జొన్న లేదు, శనగ లేదు. కనుచూపు మేర నల్లని, నీలపు పలకలే! 2017లో పూర్తయిన ఈ సౌరవిద్యుత్ కేంద్రం శక్తి 1,000 మెగావాట్లు.

ఒక పలకను దగ్గరగా చూడండి. వరుసలుగా బిళ్ళలు కనిపిస్తవి. అవే సౌరఘటాలు. ఇసుకలో ఉండే సిలికాన్ అనే మూలకంతో వీటిని చేస్తారు.

ఎండ పడితే కరెంటు ఎలా పుడుతుంది? వెలుగు వానచినుకుల వలె విడివిడి కణాలుగా వచ్చి పడుతుంది. వీటిని ఫోటాన్లు అంటారు. సిలికాన్ ఒక ఫోటాన్‌ను మింగినప్పుడు, పరమాణువును అంటిపెట్టుకొని ఉన్న ఎలక్ట్రాన్ ఒకటి విడివడుతుంది. అది మళ్ళీ పాతచోటికే చేరితే లాభం లేదు. అందుకని బిళ్ళను రెండు రకాల పొరలుగా చేస్తారు. ఆ పొరలు కలిసేచోట ఉండే విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను ఒకవైపుకు తోస్తుంది. వాటికి తీగతో దారి ఇస్తే, అదే కరెంటు! ఎండ సగమైతే కరెంటు కూడా దాదాపు సగమే.

మరి, పడిన వెలుగంతా పనికివస్తుందా? రాదు. 1,100 నానోమీటర్లను మించిన పరారుణ కిరణాలకు ఎలక్ట్రాన్‌ను విడిపించే బలం చాలదు. నీలికాంతికి బలం ఎక్కువే. కాని ఒక ఫోటాన్ విడిపించేది ఒక్క ఎలక్ట్రాన్‌నే. మిగిలిన బలం వేడి అయిపోతుంది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసిన సిలికాన్ ఘటం రూపాయి ఎండకు సుమారు 6 పైసల విద్యుత్తే ఇచ్చింది. నేటి పలకలు 20 పైసలకు అటూ ఇటూగా ఇస్తున్నవి.

ఇంకొక విచిత్రం వినండి. పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు! పలక ఒక డిగ్రీ వేడెక్కితే దాని శక్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. దుమ్ము పట్టినా తగ్గుతుంది. నీరు అపురూపమైన సీమలో పలకలు కడగడం కూడా ఆలోచించవలసిన పనే. ఘటాలన్నీ ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటవి గనుక, ఒకదానిపై నీడ పడితే వరుసకంతటికీ దెబ్బే. కాలువకు ఒకచోట అడ్డుపడితే చివరి మడిదాకా నీరు తగ్గదూ?

సౌరఘటంతో తిరిగే బొమ్మ పంకా దొరికితే ఎండలో పెట్టండి. ఘటాన్ని అట్టముక్కతో మెల్లమెల్లగా కప్పండి. పంకా ఏమయిందో, ఎందుకయిందో ఇప్పుడు మీరే మీ అమ్మానాన్నలకు చెప్పగలరు.