తురాయి పిగిలిపిట్ట

మైసూరులో మా పెరటి జామచెట్టుకు వచ్చే ఈ పిట్టను ఇరుగుపొరుగువారు కెమ్మీసె పికళార అంటారు. మాకది తురాయి పిగిలిపిట్ట. నిటారైన నల్లని తురాయి, కంటి వెనక ఎర్రమచ్చ, తోక మొదట కింద ఎరుపు దీని గుర్తులు. కూనలకు కంటి వెనక ఎరుపుండదు. శాస్త్రీయనామంలో రెండో మాట 1758లో లినేయస్ పెట్టినదే.

దక్షిణాది ఉపజాతికి తోక చివర తెలుపు లేదు. ఒడిశా, బెంగాల్ వైపు దానికి ఉంది. బరంపురం నుంచి వచ్చిన మా వియ్యపురాలు, "మా పిట్ట తోక చివర తెల్లగా ఉంటుందండీ" అన్నారు. మా ఇద్దరి తెలుగులోనూ అంతే తేడా: ఆవిడ మాటల్లో ఒరియా, నా మాటల్లో కన్నడం. పిట్ట పేరు మాత్రం ఇద్దరికీ ఒకటే.

మనవరాలు రెండిళ్లలోనూ దాన్ని బుల్బుల్ అంటోంది. ఈ సెలవుల్లో ముందు పేరు నేర్పాలి. తోకల తేడా తరవాత.