నల్లదాని పిల్ల

జొన్న చొప్ప తడిసి ఆరేటప్పుడు వచ్చే వాసన ఒకటుంది, మీకూ తెలిసే ఉంటుంది. అది ముక్కుకు తగిలితే చాలు, నేను ఆలూరు పక్క మా ఊళ్లో, చిన్నాయన గొడ్ల కొట్టంలో ఉంటాను. చిన్నాయన గోడకు ఆనుకొని గొంతుక్కూర్చుని ఉంటాడు. ఎదురుగా చినిగిన గోనెసంచి మీద ఆరు కుక్కపిల్లలు, పాలు తాగి పొట్టలు ఉబ్బి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటాయి. పొద్దున సద్ది తాగి అక్కడ కూర్చున్నవాడు ఎండ నడిమింటికి ఎక్కినా లేచేవాడు కాదు. "నన్ను చూసేదానికి వచ్చినప్పుడు కూడా ఇంతసేపు చూడలేదత్తా నీ కొడుకు" అని చిన్నమ్మ మా అవ్వతో చెప్పి నవ్వేది.

మాది కర్నూలు జిల్లాకు పడమటి కొస. హగరి ఏరు దాటితే బళ్లారి సీమ, సంతలో సగం మాట తెలుగు, సగం కన్నడం. నేను చెప్పేది 1970కి కాస్త ముందూ వెనకా సంగతి. నల్లరేగడిలో పత్తి, జొన్న వేసేవాళ్లు, ఎర్రనేలల్లో శెనక్కాయ. శెనక్కాయ ఆకు లేతగా ఉన్నప్పుడు రాత్రిపూట చెవులపిల్లులు వచ్చి సాళ్లకు సాళ్లు కొరికిపోయేవి. కూర అంటే పండగనాటి మాట, ఉన్న గొర్రెల్ని కోసుకుంటే షావుకారు అప్పు తీరేదెట్ల? అందుకని మంచి కుక్క ఉన్న ఇంట్లో నెలకో రెండు నెలలకో ఒకసారి చెవులపిల్లి కూర ఉడికేది. దాన్ని వేడుకని ఎవరూ అనుకోలేదు. కలుపు తీసినట్టు, కట్టె కొట్టినట్టు అదీ ఒక పని.

ఒక ఏడు పత్తి అమ్మిన డబ్బుల్లో కొంత చిన్నాయన ఎవరికీ చెప్పకుండా రొండిన దోపుకొని, గుంతకల్లులో చిన్న రైలెక్కి, గదగులో మారి, బాగల్‌కోటలో దిగి, అక్కడినుంచి బస్సులో ముధోల్ పోయినాడు. అప్పట్లో అది బీజాపూరు జిల్లా. నాలుగోనాడు భుజాన సంచితో వచ్చి, సంచిలోంచి సన్నమూతి కుక్కపిల్లను తీసి అరుగు మీద నిలబెట్టినాడు. ముధోల్ రాజు మాలోజీరావు ఘోర్పడే ఇట్లాంటి కుక్కల జతనే ఇంగ్లండు రాజు అయిదో జార్జికి కానుకగా ఇచ్చినాడని ఆ వారమంతా రచ్చబండ దగ్గర చెప్పిందే చెప్పినాడు. మా అవ్వ మాత్రం ఆ పిల్ల పక్కటెముకల్ని చూసి, "రాజుల కుక్కంటివే, తిండి పెట్టలేదేమిరా దీనికి?" అని గిన్నెడు మజ్జిగ సంగటి కలిపి ముందర పెట్టింది. అది ఒట్టి వాసన చూసి పక్కకు తిరిగి పడుకుంది.

దానికి రాజా అని పేరు పెట్టినాం. పెరిగినాక ఎదురొమ్ము పడవ అడుగులాగా లోతుగా దిగింది, నడుము పిడికిట పట్టేంత సన్నమయింది. పరుగు తీస్తే నాలుగు కాళ్లూ ఒక్కసారి నేలను విడిచిపెట్టేవి, ఆ కాస్త సేపు అది గాలిలోనే ఉండేది. అట్లాంటి పరుగు నేను మళ్లీ చూడలేదు. అయితే రాజాది కంటి వేట. కంటికి కనబడినంతసేపే చెవులపిల్లి, కంపచాటుకు పోయిందంటే అయిపోయినట్టే, బీడు నడుమ నిలబడి వెర్రిచూపులు చూసేది. ముక్కు అనేది ఒకటుందని గుర్తే ఉండేది కాదు. చెవులపిల్లి ఏమో తిన్నగా పోయే జీవి కాదాయె, కుక్క మూతి తోకకు తగిలేదాకా ఉండి చటుక్కున పక్కకు విరిగేది. రాజా వేగం పట్టలేక ఇంకో ఇరవై బారలు ముందుకు కొట్టుకుపోయి తిరిగొచ్చేలోపల అది గట్టు దాటేసేది. పైగా తోలు పల్చన. రేగుకంప గీరితే చీలిపోయేది, పల్లేరుకాయ గుచ్చుకుంటే మూడు కాళ్ల మీద ఇంటికొచ్చేది. పుష్యమాసం చలికి వణుకుతుంటే అవ్వ తిట్టుకుంటూనే తన పాత గొంగళి ముక్క దాని మీద కప్పేది.

నల్లది మా గొర్రెల దొడ్డి కుక్క. ఎవరూ కొనలేదు, తెచ్చిందీ లేదు, ఎప్పుడో వానలో వచ్చి దొడ్డి వాకిట పడుకొని అక్కడే ఉండిపోయింది. కాళ్ల అడుగులు చెప్పు తోలంత గట్టి. పోయిన రాత్రి నక్క ఏ సందున వచ్చిందో పొద్దున ముక్కుతో చెప్పేది. ఏది పెడితే అది తినేది, పెట్టకపోతే పడుకునేది. పరుగులో మాత్రం రాజాకు సగం కూడా రాదు. ఈ రెండిటినీ కలిపితే ఏమవుతుందా అన్నది చిన్నాయన ఆలోచన. ఊళ్లో పెద్దలు నవ్వినారు, ముధోల్ దాకా పోయి తెచ్చిన సొమ్మును దొడ్డి కుక్కకు దాటిస్తాడంట అని. చిన్నాయన ఆ నవ్వును విననట్టే ఉండి, నల్లదాన్ని రెండు వారాలు కొట్టంలో కట్టేసి పెట్టినాడు.

ఆ ఆరు పిల్లలే నేను మొదట చెప్పినవి. ఆరింట్లో ఒకటే మనది, మిగిలినవి అడిగినవాళ్లకు ఇవ్వాల. నాకు అన్నిటికన్నా లావుపాటి మగపిల్ల మీద మనసు. చిన్నాయన దాన్ని ఎత్తి, రెండు వేళ్లతో ముందరి కాలి మణికట్టు తడిమి, "ఇది ఇప్పుడే ఎద్దు మాదిరి ఉంది, రేపు బరువుకు కాళ్లు చాలవు" అని కింద పెట్టినాడు. ఎదురొమ్ములో మూడు వేళ్లు దిగుతాయా, పాదం విచ్చుకోకుండా మొగ్గలాగా ముడుచుకొని ఉందా, తోక తొడల నడుమ దూరుతుందా అని ఒక్కొక్కదాన్నీ చూసినాడు. తర్వాత ఏం చేసినాడంటే, చిన్నమ్మ ఇత్తడి చెంబు తీసుకొని బండ మీద ఠంగున పడేసినాడు. ఆరూ తలా ఒక మూలకు పరిగెత్తినాయి. చెంబు దొర్లి దొర్లి ఆగింది. చిన్నాయన నా మోకాలు మీద చెయ్యి వేసి కదలనివ్వలేదు. కాసేపటికి గాడికింద నుంచి ఒక ఆడపిల్ల, ఎదురొమ్ము మీద తెల్ల చుక్క ఉన్నది, మెడ చాపి, ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు వేసి, చెంబు దగ్గరికొచ్చి వాసన చూసింది. చూసి దాని పక్కనే కూర్చుంది. "భయపడందాంతో ప్రమాదం. భయపడి మళ్లీ వచ్చిందే మనకు కావాల" అన్నాడు చిన్నాయన. చెంబుకు పడిన సొట్ట గురించి చిన్నమ్మ అన్న మాటలు ఇక్కడ రాయను.

పేరు చుక్క. ఊరందరికీ మాత్రం నల్లదాని పిల్లే.

ఏడాది నిండేదాకా దాన్ని వేటకు విడవలేదు. లేత ఎముకతో పరిగెత్తిస్తే కాళ్లు వంకర పోతాయని, పొద్దున ఎద్దులబండి వెనక నడిపించేది అంతే. జొన్న అంబలి, మజ్జిగ, కోడిగుడ్డు ఎప్పుడన్నా ఒకటి. సాయంత్రం దాని చెవుల్లో పిడుదులు తీసి నిప్పుల్లో వేసే పని నాది, అవి టప్పుమని పేలేవి. పాదాలకు ఆముదం, పసుపు నూరి పూసేవాణ్ణి. మొట్టమొదటి చదువు గొర్రెల దొడ్డిలోనే అయింది. పిల్లల తల్లి గొర్రె పక్కన దాన్ని కట్టేసినారు. ఒకసారి ఉత్సాహం ఎక్కువై మీదికి ఉరికితే ఆ గొర్రె ఒక్క కుమ్ము కుమ్మింది. ఆ తర్వాత జీవితంలో గొర్రె ఎదురొస్తే చుక్క దారి తప్పుకునేది. మనిషి వెయ్యి దెబ్బలు కొట్టి నేర్పలేనిది గొర్రె ఒక్క కుమ్ముతో నేర్పిందనేవాడు చిన్నాయన. ఆయన చెయ్యెత్తి కుక్కను కొట్టగా నేను చూడలేదు.

పాత చెవులపిల్లి తోలులో చొప్ప కుక్కి, లోపల రెండు తుమ్మముళ్లు పెట్టి కుట్టి విసిరేసేవాడు. గట్టిగా కరిస్తే ముల్లు, మెత్తగా పట్టుకొస్తే రొట్టెముక్క. అన్నిటికీ పెద్ద చదువు ఈల. రెండు వేళ్లు మడిచి నాలుక కింద పెట్టి ఊదితే రెండు చేల అవతల వినబడేది. తినేటప్పుడు ఊదేవాడు, ఆడేటప్పుడు ఊదేవాడు, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి నోట్లో పెట్టేవాడు. "ఉరికేది దానికి నాయన రక్తంలోనే ఉందప్పా, మనం నేర్పేది ఏముంది? తిరిగొచ్చేదే మనం నేర్పాల" అనేవాడు. మా పక్క బీళ్లల్లో జింకల మందలుండేవి. జింక వెనక పడిన కుక్క గుండె పగిలి చావనన్నా చస్తుంది, రాత్రికి ఏ ఊరి పొలిమేరలోనో తప్పిపోనన్నా పోతుంది. ఒకనాడు మంద కళ్లెదుటే ఎగిరిపోతుంటే రాజా, చుక్కా రెండూ లేచినాయి. చిన్నాయన ఈల వేసినాడు. రాజాకు వినబడనేలేదు. చుక్క నడిబీట్లో ఆగి, జింకల వైపు ఒకసారి చూసి, మా వైపు ఒకసారి చూసి, తోక దించుకొని వచ్చేసింది. రాజా మర్నాడు మధ్యాహ్నం కుంటుకుంటూ ఇల్లు చేరింది.

ఉగాది మర్నాడు మా ఊరి మొగోళ్లంతా వేటకు పోయేవాళ్లు. చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డి మొదట్లో చిన్న గుంట చేసుకొని, చెవులు వీపుకు అతికించి, కాలు మీద పడేదాకా మెదలకుండా ఉంటుంది. వెనక కాళ్లు పొడుగు కాబట్టి మిట్ట ఎక్కడంలో దానితో ఎవరూ సరిరారు, దిగడంలోనే తడబడుతుంది. అందుకని పిల్లలందరం తిప్ప మీదికెక్కి కేకలేసుకుంటూ కిందికి తోలేవాళ్లం. ఆ ఏడు లేచినదాన్ని రాజా తరిమింది, అది విరిగింది, రాజా ఎప్పటిలాగే ముందుకు పోయింది. చుక్క దాని వెనక పోనేలేదు. విరిగే మలుపు ముందే కనుక్కున్నట్టు అడ్డంగా కోసుకొచ్చి, తుమ్మచెట్టు మొదట్లో అందుకుంది. తెచ్చి చిన్నాయన చేతిలో పెట్టింది, ప్రాణంతో, ఒంటి మీద గాటు లేకుండా. చిన్నాయన చెవులు పట్టి ఎత్తి, పొట్టకింద తడిమి, వేళ్లు చూసుకున్నాడు. పాలతో తడిసి ఉన్నాయి. మెడ వెనక నల్లమచ్చ దగ్గర దాని నాడి ఎగిరెగిరి పడడం నాకూ కనబడింది. వంగి నేల మీద వదిలేసినాడు.

అది కుక్క మూతి ముందర నుంచే పోయింది. చుక్క ఒళ్లంతా వణుకుతోంది, ముందరి కాళ్లు నేలలోకి నాటుకున్నాయి, కళ్లు దాని వెంటే ఉన్నాయి. చిన్నాయన ఈల వెయ్యలేదు, చెయ్యి ఎత్తలేదు. చుక్క లేవలేదు. ఆయన సద్దిమూట విప్పి ఉన్న జొన్నరొట్టె మొత్తం దానికి పెట్టినాడు, నాకు ఊరిబిండి ఒట్టిది మిగిలింది. ఇంటికి పోతే "చేతికొచ్చినదాన్ని ఇడిసిపెట్టి వస్తిరా" అని అవ్వ రెండు మాటలని, బేడలపప్పు చేసింది.

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. ఢిల్లీ నుంచి అది మా ఊరికి నడిచి రావడానికి చాలా ఏండ్లే పట్టింది. ఇప్పుడు అట్లా వేటాడడం నేరం, ఆ మాట నాకు సమ్మతమే. చిన్నాయన కూడా పోట్లాడలేదు, చుక్క చివరి రోజులన్నీ గొర్రెల వెంటే గడిచినాయి. ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఇంగ్లీషు పుస్తకం చదువుతుంటే, ఇంగ్లండులోనూ పేదవాళ్లు గ్రేహౌండుకు గొర్రెల కాపు కుక్కను కలిపి వేటకు పెంచేవాళ్లనీ, దాన్ని లర్చర్ అంటారనీ తెలిసింది. అక్కడా 2004లో చట్టం చేసి కుక్కలతో చెవులపిల్లుల వేట మాన్పించినారు. అక్కడి పేదవాళ్లు మా చిన్నాయనలాగా కూర్చుని పిల్లల పాదాలు తడుముతుంటే ఎట్లుంటుందో అనుకొని ఆ పూట చాలాసేపు నవ్వుకున్నాను.

ముధోల్ కుక్క బొమ్మతో 2005లో తపాలా బిళ్ల వేసినారు, ఒకటి కొని దాచిపెట్టుకున్నాను. సన్నమూతి, లోతు రొమ్ము, అచ్చం రాజానే. నల్లదాని పిల్లకు ఇంగ్లీషులో పేరుంది, మా ఊరి మాటలో మాత్రం లేకపోయె. మీ పక్క ఇట్లా జాతి కుక్కకూ దొడ్డి కుక్కకూ పుట్టినదాన్ని ఏమని పిలిచేవాళ్లో గుర్తుంటే, ఒక కార్డు ముక్క రాయండి.