ఎంటెబ్బేలో ఎర్రముక్కు పిట్ట

భూమధ్యరేఖ పక్క ఊరు గదా అని మన మే నెల ఎండకు సిద్ధపడి వెళ్లాను. తెల్లవారుజామున ఉగాండాలో విమానం దిగితే చలేసింది! విక్టోరియా సరస్సు నీటిమట్టమే సుమారు 1,130 మీటర్ల ఎత్తున ఉంది మరి. మీరు వెళ్తే పల్చటి స్వెట్టర్ ఒకటి పెట్టుకోండి.

పిట్టల కోసం వచ్చానంటే, బోడా నడిపే కుర్రాడు "షూబిల్ కోసమేనా, సెబో?" అన్నాడు. బోడా అంటే అక్కడి బైకు టాక్సీ, సెబో అంటే అయ్యా అని. పిట్టలు చూసేవాళ్లంతా మబాంబా చిత్తడికి, ఆ బండముక్కు పక్షి కోసమే పోతారట. జానెడైనా లేని ఫైర్‌ఫించ్ కోసం ఇంత దూరం వచ్చానంటే వాడు నన్ను ఎగాదిగా చూశాడు. 1898లో పెట్టిన బొటానికల్ గార్డెన్‌కి బయల్దేరి, ఎర్రమట్టి సందుల్లో ఇద్దరం దారి తప్పాం. ఎటు చూసినా అరటి, పనస. కోనసీమలో తప్పిపోయినా ఇలాగే ఉంటుందేమో.

చివరికి ఒక రోలెక్స్ బండి దగ్గర ఆగాం. చపాతీ మీద ఆమ్లెట్ పరిచి, టమాటా ముక్కలేసి చుట్టేస్తారు. చపాతీని అక్కడికి మనవాళ్లే చేర్చారు, కానీ ఇలా చుట్టి తినాలని మనకు తోచలేదు!

పిండి రాలినచోటికి ఫైర్‌ఫించ్‌లే వచ్చాయి. మన ఎర్ర జినువాయి మగదానికి ఒంటినిండా చుక్కలు. దీనికి రొమ్ము పక్కన మాత్రం సూదిమొనతో పెట్టినట్టు నాలుగైదు తెల్లచుక్కలు, కంటిచుట్టూ సన్నటి పసుపు వలయం. ఆడది గోధుమరంగు, కంటికీ ముక్కుకీ మధ్య, తోక మొదట్లో మాత్రం ఎరుపు.

ఒంటి ఎరుపు చూసి పేరు పెట్టేయకండి. ఆఫ్రికన్ ఫైర్‌ఫించ్ కూడా ఎర్రనిదే, కాకపోతే దాని ముక్కు నీలిబూడిద, తోక కింద నలుపు. బార్ బ్రెస్టెడ్ రకానికి ముక్కు ఎర్రగానే ఉంటుంది గానీ, రొమ్ము మీద చుక్కల బదులు చిన్న గీతలుంటాయి. నా ముందున్నదాని ముక్కు ఎరుపు, తోక కింద మట్టిరంగు. రెడ్ బిల్డ్ ఫైర్‌ఫించే, సందేహం లేదు.

ఇంతలో పైన తీగ మీద నిగనిగలాడే నల్లపిట్ట ఒకటి వాలింది. విలేజ్ ఇండిగోబర్డ్. మన కోకిల కాకి గూట్లో పెట్టినట్టు ఇది ఫైర్‌ఫించ్ గూట్లో గుడ్లు పెడుతుంది. వింతేమిటంటే, ఆ గూట్లో పెరిగిన మగపిల్ల పెంచినవాళ్ల పాట నేర్చుకుని జీవితాంతం పాడుతుంది. మన కోకిల పెద్దయ్యాక ఏనాడైనా కావుమందా? పాట విని ఫైర్‌ఫించ్ అనుకునేరు, తలెత్తి చూడండి.

బైనాక్యులర్స్‌తో పొదలు గాలించక్కర్లేదు, బండి పక్క స్టూలు మీద కూర్చుంటే చాలు. రెండో రోలెక్స్ ముందే చెప్పుకోండి. మొదటిది తినేలోగా ఫైర్‌ఫించ్ తోకెత్తి చూపించదు.