పెద్దమనుషుల్లో కూర్చోబోతున్న నీకు

బావా,

ఉత్తరం అందింది. మీ వీధిలో అన్నదమ్ముల ఆస్తి పంపకానికి నిన్ను పెద్దమనిషిగా కూర్చోమంటున్నారనీ, నీకింకా అంత వయసు రాలేదనీ రాశావు. వయసుతో పనేముంది? ఎనభై దాటి అరుగుమీద కూర్చునేవాణ్ణి ఊళ్ళో పెద్దాయన అంటారు, లేదా ముసలాయన అంటారు. తగువొచ్చిన రోజున మాత్రం ఆయన్ని దాటుకుపోయి నలభై ఏళ్ళవాణ్ణి పిలుచుకొస్తారు. మాట మీద నిలబడతాడని కొందరిని, పదిమందీ వింటారని కొందరిని, పదెకరాలు ఎక్కువున్నాయని కొందరిని. ఈ చివరి కారణం మనవాళ్ళు పైకి చెప్పరనుకో.

పెద్ద అన్న మాటలోంచే పెద్దరికమూ వచ్చింది, పెత్తనమూ వచ్చింది. ఒకటి నలుగురూ ఇస్తే దక్కేది, రెండోది ఎవరూ ఇవ్వకపోయినా లాక్కునేది. అందుకే "ఆయన పెద్దమనిషి" అన్నప్పుడు ఎంత గౌరవముంటుందో, "ఆహా, పెద్దమనిషే!" అన్నప్పుడు అంత ఎత్తిపొడుపూ ఉంటుంది. కె.వి.రెడ్డి గారు 1954లో 'పెద్దమనుషులు' అని సినిమా తీస్తే, పేరులోని ఆ దెప్పు ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పనిలేకపోయింది. ఊరికి ఛైర్మన్, పేరుకి ధర్మారావు, లోపల చేసేవన్నీ అధర్మాలు. ఇబ్సెన్ నాటకం దానికి ఆధారమంటారు గానీ, గౌరీనాథశాస్త్రి గారు వేసిన ఆ మనిషిని మనం మన ఊళ్ళోనే చూశాం.

దాదాపు రెండేళ్ళకి ఈ మాట చరిత్రకెక్కింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర నుంచి నలుగురు, తెలంగాణ నుంచి నలుగురు కూర్చుని కుదుర్చుకున్నదాన్ని పెద్దమనుషుల ఒప్పందం అన్నాం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలన్నది అందులో ఒక షరతు. నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది, తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. 1969లో తెలంగాణ భగ్గుమన్నప్పుడు జనం ఎత్తిచూపింది ఆ కాగితాన్నే. పెద్దమనిషి మాట తప్పితే బాకీ మనవల దాకా వస్తుంది బావా, 2014 దాకా వచ్చింది చూడు.

ఆ ఎనిమిది మందిలో ఒక్క ఆడమనిషి లేదు. మనిషి అన్న మాటకి ఆడా మగా తేడా లేకపోయినా, పెద్దమనిషి అనగానే మన కళ్ళకి కండువా, మీసమే కదా కనిపించేది! ఆడపిల్లకి ఆ మాట దక్కేది సమర్తాడిన రోజున. పెద్దమనిషయిందని చాపమీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటాళ్ళని పిలిచి, ఇకమీదట వీధిలోకి వెళ్ళొద్దంటారు. మగవాడు పెద్దమనిషైతే రచ్చబండ ఎక్కుతాడు, ఆడపిల్ల పెద్దమనిషైతే గడప దాటకూడదు. ఎవరు పెట్టారో గానీ, భలే ఏర్పాటు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ అన్నదమ్ములకి ఒక చెల్లెలుందని నీ ఉత్తరంలో ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఆమెకి ఏమిస్తున్నారో లేదు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచే పెళ్ళికాని కూతుళ్ళకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా ఉంది. 2005లో కేంద్రం చట్టం మార్చి, పెళ్ళయినా కాకపోయినా కూతుళ్ళందరికీ ఆ హక్కు ఇచ్చింది. పసుపుకుంకుమల కింద ఏదో ముట్టజెప్పాం, ఇంకేం కావాలి అని తక్కినవాళ్ళు అంటారు. తలూపకు.

వెళ్ళు, తప్పకుండా కూర్చో. కానీ ముందు ఆమెని పిలిపించి, మీ వరసలోనే కుర్చీ వేయించు. ఒప్పుకున్నవన్నీ రాయించి రిజిస్టరు చేయించమను, నోటిమాట మీద లేచిరాకు. అందుకు వాళ్ళు సరేననకపోతే ఆ పెద్దరికం నీకొద్దు.

ఉంటాను.