వడ్ల గింజా, ఇసుక గింజా

పిల్లలూ! హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్దరోడ్డు మీద ముందు సూర్యాపేట, తరవాత ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా కోదాడ వస్తాయి. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా పోతే మిర్యాలగూడ. 2025 నవంబరు నెలాఖరులో నేనూ, మా మనవడూ ఈ మూడు ఊళ్ళూ ఒక్కరోజున తిరిగాము. యాత్రకు కాదు, ఒక చిన్న వస్తువు కొనడానికి.

మా వీధి గ్రంథాలయంలో పాత కంప్యూటరు ఒకటి నత్తలాగా నడుస్తున్నది. దానికి ర్యామ్ అనే మెమొరీ ముక్క ఇంకొకటి వెయ్యాలి. ర్యామ్ అంటే మీరు చదువుకునే బల్లవంటిది. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం తీసి మరొకటి పెట్టుకోవాలి. పెద్దదైతే అన్నీ ఒకేసారి పరచుకోవచ్చు. మా వీధి పిల్లలంతా చందాలు వేసుకుని, వేసవిలో చెప్పిన ధరకు సరిపడా డబ్బు పోగుచేశారు.

సూర్యాపేట దుకాణంలో ధర వినగానే మావాడి ముఖం చిన్నబోయింది. వేసవి ధరకు రెట్టింపు దాటింది!

"ఇది మోసం, తాతా! కోదాడలో అడుగుదాం," అన్నాడు.

కోదాడలోనూ అదే ధర. అక్కడి దుకాణదారు ఓపికగా చెప్పాడు:

"నేను పెంచింది కాదు, సారూ. ప్రపంచంలో ఈ చిప్పులు చాలావరకు మూడే కంపెనీలు చేస్తాయి. కొరియాలో శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. ఇప్పుడు కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలు మెమొరీని కుప్పలుగా కొంటున్నాయి. కంపెనీలు ముందు వాళ్ళకే చేసిస్తున్నాయి. మా వంటివాళ్ళకు సరుకు తగ్గింది."

"అయితే ఇంకా ఎక్కువ చేస్తే సరి!" అన్నాడు మావాడు.

బస్సులో కూర్చున్నాక దానికి నేను జవాబు చెప్పాను.

"ఈ పొలాలకు సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వస్తాయి. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది వేస్తే, 1967లో గాని కాలువలకు నీళ్ళు వదలలేదు. చిప్పుల ఫ్యాక్టరీ కట్టడానికి అంతకాలం పట్టదు గాని, రెండు మూడేళ్ళు పడుతుంది, వేలకోట్లు కావాలి. చిప్పుకు మూలమైన సిలికాన్ ఇసుకలోనే ఉన్నది. దాన్ని శుద్ధిచేసి, పలుచని బిళ్ళలుగా కోసి, వాటిమీద చిప్పులు తయారు చెయ్యడానికి మళ్ళీ సుమారు మూడు నెలలు. ఇంచుమించు వరిపంట అంత కాలం."

మిర్యాలగూడ రైసుమిల్లులకు పేరుపొందిన ఊరు. మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నవి. ఒక రైతును పలకరించాము.

"అందరి కోతలూ ఒక్కసారే వచ్చాయి, సారూ. ఇవి పచ్చివడ్లు. ఆగితే రంగు మారతాయి. ఎంతంటే అంతకు ఇచ్చిపోవాలి," అన్నాడతను.

మావాడు కాసేపు ఆలోచించి, "ఇక్కడ సరుకు ఎక్కువై ధర దిగింది. అక్కడ సరుకు తక్కువై ధర ఎక్కింది!" అన్నాడు.

"అక్కడా ఎప్పుడూ ఎక్కడమే కాదు," అన్నాను. "2023లో ఆ కంపెనీలకే సరుకు మిగిలిపోయి, ధరలు పడి, నష్టాలు వచ్చాయి. అప్పుడు తయారీ తగ్గించుకున్నారు. వడ్లకైతే ప్రభుత్వం మద్దతు ధర పెట్టింది. ఈ వానాకాలం పంటకు ఎ-గ్రేడు వడ్లు క్వింటాలు 2,389 రూపాయలు. చిప్పులకు అటువంటి ధర ఏదీ లేదు."

మిర్యాలగూడ దుకాణంలోనూ కొత్త ముక్క ధర అంతే. కాని దుకాణదారు పాత కంప్యూటరులోంచి తీసిన ముక్క ఒకటి చూపించి, పరీక్షించి ఇచ్చాడు. మా డబ్బు దానికి సరిపోయింది.

చీకటిపడ్డాక తిరుగుబస్సులో వస్తుంటే, ఆ రైతు ట్రాక్టరు ఇంకా వరుసలోనే కనిపించింది.

"తాతా! కొత్తది కొనకుండా మనం ఆగగలిగాం. కంపెనీలు తయారీ ఆపగలిగాయి. కోసిన పంటను ఆ రైతు ఎట్లా ఆపుతాడు?" అన్నాడు మావాడు.

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నాకు వెంటనే జవాబు తోచలేదు. మీరూ ఆలోచించండి.