గోరింటాకు గోడ

కిందటి దసరాకు ఇంటికి రంగులు వేయించాం. షేడ్‌కార్డులో అగ్గిపెట్టెంత ముక్క చూసి హాలుకు ఆలివ్ గ్రీన్ ఖాయం చేశాను. 'మిలిటరీ రంగా అమ్మా?' అన్నాడు పెయింటర్ అనుమానంగా. పసుపులో కాస్త నలుపు కలిస్తే వచ్చే రంగది, కంటికి చల్లగా ఉంటుందని అతనికే పాఠం చెప్పాను. లప్పం పెట్టి, నాలుగు గోడలకూ రెండేసి కోట్లు వేశాక చూస్తే నా టేకు సోఫాకు ఎక్కడలేని దర్జా వచ్చేసింది. ఇత్తడి కుందులైతే బంగారంలా మెరిశాయి.

అత్తయ్య చూసి, 'గోరింటాకు ముద్దలా ఉందమ్మా' అన్నారు. మెచ్చుకున్నారో దెప్పారో తెలియలేదు.

వారం తిరక్కుండా ఆవిడ పడక్కుర్చీ వరండాలోకి వెళ్లిపోయింది. పొద్దున్నే హాల్లో కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు ప్రకటనల దాకా చదవడం ఆవిడకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఇప్పుడు మంచు పడుతున్నా శాలువా కప్పుకుని బయటే. లోపలికి రమ్మంటే 'ఇక్కడ గాలి బాగుంది' అనేవారు. రంగు నచ్చక అలిగారనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ కోపం వచ్చి పిలవడం మానేశాను.

కార్తీకంలో తుపాను పట్టింది. జల్లు కొట్టి వరండా తడవడంతో లోపలికొచ్చారు. పేపరు కిటికీ దగ్గర పట్టుకుని, ముఖానికి ఆనించుకున్నంత పని చేసి, కాసేపటికి మడిచి పక్కన పెట్టేశారు.

'ఏమైందత్తయ్యా?'

'అక్షరాలు అలుక్కుపోతున్నాయమ్మా. నా కళ్లకేదో అయింది. అబ్బాయికి చెప్పకు, కంగారుపడతాడు.'

నా కోపమంతా ఎటు పోయిందో! మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. శుక్లం ఉందిగానీ ఇంకా ఆపరేషన్ దాకా రాలేదన్నారు. ఇంట్లో వెలుతురెలా ఉంటుందని అడిగారు. ఇరవై ఏళ్లప్పటితో పోలిస్తే అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు మూడో వంతేనట. తెల్లగోడ తన మీద పడిన వెలుతురులో ఎనభై శాతం దాకా తిప్పి ఇస్తుంది. ముదురు ఆలివ్ అందులో పావు వంతు కూడా ఇవ్వదు. మా హాలుకు ఉన్నది ఉత్తరం వైపు ఒకే ఒక్క కిటికీ!

పెయింటర్ మళ్లీ వచ్చాడు. పాత రంగు పైకి కనబడకుండా ముందు ప్రైమరు, దాని మీద రెండు కోట్లు మీగడ రంగు మూడు గోడలకూ వేశాడు. నవ్వు దాచుకోవడానికి పాపం చాలా కష్టపడ్డాడు. సోఫా వెనక గోడ మాత్రం వదల్లేకపోయాను. తెల్ల ట్యూబ్‌లైటు కింద అది బూడిద కలిసినట్టుండేది. పక్కన పసుపు వెలుగు బల్బు పెట్టాక మళ్లీ కళ వచ్చింది. కుర్చీ దగ్గర చదువుకోవడానికి వేరే దీపం అమర్చాం.

పడక్కుర్చీ లోపలికొచ్చేసింది. మొన్న పేపరు చదువుతూ అత్తయ్య కేకేశారు: 'ఏదో ఆఫీసుకు రంగులు వేయాలట, టెండర్లు పిలిచారు. మన పెయింటర్‌కి చెప్పమ్మా... నువ్వు మాత్రం వెళ్లకు!'